కంట్లో వేసే లెన్స్: ఏది ఎవరికి నప్పుతుంది, ఎక్కడ జాగ్రత్త పడాలి

రెండేళ్ల కిందట నాన్న కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించడానికి ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు కంట్లోకి లైటు వేసి చూసి, పొర బాగా వచ్చింది, తీసేద్దాం అన్నారు. తర్వాత పక్క గదిలో కౌన్సిలర్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. అక్కడున్న అమ్మాయి ప్లాస్టిక్ తొడుగు వేసిన అట్ట ఒకటి మా ముందు పెట్టింది. నాలుగు గడులు, నాలుగు ధరలు. "ఇదైతే అంకుల్‌కి ఇక జన్మలో కళ్లజోడు అక్కర్లేదు మేడమ్" అంటూ చివరి గడి మీద వేలు పెట్టింది. నాన్న నా మొహంలోకి చూశారు. నేను ధర చూశాను. తక్కువది తీసుకుంటే కన్నతండ్రి కంటి దగ్గర లెక్క చూసుకున్నట్టు ఉంటుందనిపించింది. పది నిమిషాల్లో సంతకం పెట్టేశాను.

ఆ పది నిమిషాల్లో వాళ్లు అడగనివి, నేనూ చెప్పనివి చాలా ఉన్నాయి. నాన్న ఏం పని చేస్తారు? ఏ వెలుతురులో చేస్తారు? రాత్రిళ్లు బండి నడుపుతారా? షుగర్ వచ్చి ఎన్నేళ్లయింది? కంటి వెనక రెటీనా ఎలా ఉంది?

నాన్న గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లుగా గుమాస్తా. తేజ రకం మిర్చి టిక్కీలో, అంటే బస్తాలో, చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, అరచేతిలో పరుచుకుని, అందులో తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత ఉందో చూడగానే చెప్పేస్తారు. తెల్లవారుజామున, షెడ్డు కింద, చాలీచాలని వెలుతురులో చేసే పని అది. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో కళ్లజోడు లేకుండా పేపరు చదివారు. అమ్మ సంతోషంగా పక్కింటివాళ్లకి చెప్పుకుంది. యార్డుకి వెళ్లిన మొదటి రోజే నాన్న దిగులుగా తిరిగొచ్చారు. కాయ మీద పలచగా బూడిద చల్లినట్టుందట, తాలుకీ మంచి కాయకీ తేడా తేలడం లేదట. రాత్రి చిలకలూరిపేట రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి లారీ దీపం చుట్టూ చక్రాలు కనిపిస్తున్నాయట. నెల తర్వాత విజయవాడలో ఇంకో డాక్టరుగారికి చూపిస్తే రెటీనా స్కాన్ తీసి, షుగర్ వల్ల చూపు కేంద్రం దగ్గర వాపు ఉందన్నారు. అది ఆపరేషన్‌కి ముందు నుంచే ఉండొచ్చు. ముందే స్కాన్ తీసి ఉంటే ఆ కంటికి ఆ లెన్స్ వేయాల్సింది కాదు.

అప్పటి నుంచి ఈ విషయం గురించి దొరికినంతా చదివాను, కనిపించిన డాక్టరునల్లా అడిగాను. తర్వాత అమ్మ కంటికీ, మేనమామ కంటికీ ఆపరేషన్లు దగ్గరుండి చేయించాను. నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరుని కాను. మీ కంటిని చూసిన డాక్టరుగారి మాటే చివరి మాట. కానీ ఆ డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఏం చెప్పాలో తెలిసి ఉండటం మన చేతిలో పని.

లోపల జరిగేది

పుట్టుకతో వచ్చిన లెన్స్ పలచటి సంచిలో కూర్చుని ఉంటుంది. వయసుతోనో, షుగర్‌తోనో, ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్లతోనో, దెబ్బ తగిలో అది మసకబారుతుంది. దాన్నే మనం పొర అంటాం, నిజానికి కంటి మీద ఏ పొరా పెరగదు. సర్జన్ ఆ సంచి ముందు గోడలో సుమారు 5 మిల్లీమీటర్ల గుండ్రటి ద్వారం చేసి, మసకబారిన గుజ్జు తీసేసి, అదే సంచిలో 6 మిల్లీమీటర్ల కృత్రిమ లెన్స్ పెడతారు. దానికి రెండు పక్కలా చేతుల్లాంటివి ఉంటాయి. అవి సంచి అంచులకి ఆనుకుని లెన్స్‌ని నడిమధ్యన నిలబెడతాయి. సంచి వెనక గోడ మందం మధ్యలో మిల్లీమీటరులో 250వ వంతు ఉంటుందేమో, అంతే. ఆ గోడ నిలిస్తే ఏ లెన్స్ అయినా పెట్టొచ్చు. అది చిరిగితే మనం ఎంచుకున్న లెన్స్ కథ మారిపోతుంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

చిన్న వయసులో మన లెన్స్ దగ్గర చూడాలంటే ఉబ్బుతుంది, దూరం చూడాలంటే సాగుతుంది. ఇప్పుడు వేసే కృత్రిమ లెన్సులు అలా మారవు. కౌన్సిలర్ అట్ట మీద ఉన్న నాలుగు గడులూ ఈ ఒక్క లోటుని నాలుగు రకాలుగా సర్దే ప్రయత్నాలే.

ఒకే దూరమా, అన్ని దూరాలా

మోనోఫోకల్ లెన్స్ కంట్లోకి వచ్చిన వెలుతురునంతా ఒకే దూరానికి పెడుతుంది. ఆ దూరంలో చూపు తేటగా, రంగులు నిండుగా ఉంటాయి. మిగతా దూరాలకి కళ్లజోడు కావాలి. మామూలుగా దూరపు చూపుకి పెట్టి, చదవడానికి ప్లస్ 2.5 దగ్గర్లో అద్దాలు ఇస్తారు. "మామూలు లెన్స్" అని చిన్నచూపుగా చెప్పేది దీన్నే. కంట్లో ఇంకే జబ్బు ఉన్నా, మున్ముందు వచ్చే అవకాశం ఉన్నా, ఇంతకంటే నమ్మకమైనది లేదు.

ఇందులోనూ ఒక ఎంపిక ఉంది. దాన్ని ఎవరూ అట్ట మీద రాయరు. అమ్మకి చిన్నప్పటి నుంచీ మైనస్ 4 సైటు. జీవితమంతా కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ఒళ్లో పళ్లెం పెట్టుకుని మల్లెపూలు కట్టింది, బియ్యం ఏరింది, సూదిలో దారం ఎక్కించింది. డాక్టరుగారు అడిగారు: "అమ్మా, అద్దాలు లేకుండా ఏం చేసుకోవాలని ఉంది మీకు?" అమ్మ ఆలోచించకుండానే "పూలు కట్టుకోవాలండీ" అంది. ఆయన లెన్స్ పవరుని కావాలనే మైనస్ 2.5 దగ్గర ఆగేలా లెక్క వేశారు. అంటే అమ్మకి నలభై సెంటీమీటర్ల దూరంలో అద్దాలు లేకుండా తేటగా కనిపిస్తుంది. బయటికి వెళ్లేటప్పుడు ఎప్పటిలాగే కళ్లజోడు పెట్టుకుంటుంది. అదే దూరపు చూపుకి పెట్టి ఉంటే, ఊరంతా బాగా కనిపించి చేతిలో పువ్వు కనిపించని స్థితి వచ్చేది. చిన్నప్పటి నుంచి మైనస్ సైటు ఉన్నవాళ్లు ఈ మాట ముందే డాక్టరుగారితో మాట్లాడాలి. దీనికి అదనపు ఖర్చు కూడా లేదు.

ఒక కంటిని దూరానికీ, రెండో దాన్ని కొంచెం దగ్గరకీ పెట్టే పద్ధతి కూడా ఉంది. కొందరి మెదడు దీన్ని ఇట్టే సర్దుకుంటుంది, కొందరికి తల తిరిగినట్టుంటుంది. ఆపరేషన్‌కి ముందు కళ్లజోడుతోనో కాంటాక్ట్ లెన్సులతోనో కొన్ని రోజులు అలా తిరిగి చూశాకే ఒప్పుకోవడం మంచిది.

టోరిక్ లెన్స్ నల్లగుడ్డు (కంటి ముందుండే పారదర్శకమైన కార్నియా) వంపులో తేడా ఉన్నవాళ్లకి. కళ్లజోడు చీటీలో సిలిండర్ అని ఒక అంకె ఉంటుంది కదా, దానికి కారణం నల్లగుడ్డు అయితే, అది 1 లేదా 1.5 దాటితే, ఈ లెన్స్ డబ్బుకి తగ్గ ఫలితం ఇస్తుంది. ఇందులో చిక్కు ఒక్కటే, తిరగడం. లెన్స్ ఉండాల్సిన కోణం నుంచి ఒక్కో డిగ్రీ పక్కకి జరిగితే దిద్దుబాటులో దాదాపు 3 శాతం పోతుంది. 30 డిగ్రీలు తిరిగితే వేయించుకున్న ప్రయోజనమే ఉండదు. తిరిగేది ఎక్కువగా మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో. అప్పుడే కనిపెడితే మళ్లీ లోపలికి వెళ్లి సరిచేయొచ్చు. కాబట్టి టోరిక్ వేయించుకుంటే మర్నాటి పరీక్షకీ, వారం పరీక్షకీ తప్పకుండా వెళ్లండి. సిలిండర్ అరకొరగా ఉన్నవాళ్లకి దీన్ని అంటగడుతుంటే, ఎందుకని గట్టిగా అడగండి.

మల్టీఫోకల్ (నాన్న కుడి కంట్లో వేసింది ఇదే), ట్రైఫోకల్ లెన్సులు వచ్చిన వెలుతురుని పంచుతాయి: దూరానికి కొంత, దగ్గరకి కొంత, ట్రైఫోకల్ అయితే మధ్య దూరానికి ఇంకొంత. పంచినప్పుడు ఎవరి వాటా అయినా తగ్గుతుంది. పగటిపూట ఆ లోటు తెలియదు. మసక వెలుతురులో, రాత్రి రోడ్డు మీద తెలుస్తుంది. దీపాల చుట్టూ చక్రాలు, మెరుపులు కొన్ని నెలలు అందరికీ ఎంతో కొంత ఉంటాయి, చాలామందికి మెదడు అలవాటు పడి తగ్గుతాయి, కొందరికి తగ్గవు. ఈ లెన్స్ చెడ్డదని నేను అనను. గుంటూరు బ్రాడీపేటలో మా ఎదురింటి ఆవిడ టీచరుగా రిటైరయ్యారు, షుగర్ లేదు, రాత్రిళ్లు బండి నడపరు. ఆవిడకి అద్దాలు పోయినంత సంతోషం ఇంకొకటి లేదు. ఆవిడ కన్నూ, ఆవిడ రోజూ ఆ లెన్స్‌కి సరిపోయాయి.

షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లు, నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్లు, చూపు కేంద్రం అరిగిపోతున్న పెద్దలు, నల్లగుడ్డు మీద మచ్చలున్నవాళ్లు, కంటి పొడితనం బాగా ఉన్నవాళ్లు, రాత్రిపూట లారీ, బస్సు, ఆటో నడిపేవాళ్లు దీనికి దూరంగా ఉండటమే క్షేమం. రంగు చూసి బతికేవాళ్లని కూడా నేను ఈ జాబితాలో కలుపుతాను. బట్టల కొట్టులో, బంగారం పనిలో, మిర్చి గ్రేడింగులో కంటికి కావలసింది అద్దాలు లేకపోవడం కంటే ముందు తేటదనం.

ఈ మధ్య ఎడాఫ్ అనే రకం ఎక్కువగా చెబుతున్నారు. దూరం నుంచి చేతి పొడవు దాకా, అంటే కంప్యూటర్, వంటగట్టు, కూరగాయల తక్కెడ దాకా చూపుని సాగదీస్తుంది. సన్న అక్షరాలకి మాత్రం అద్దాలు అవసరం కావచ్చు. చక్రాల బాధ మల్టీఫోకల్ కంటే తక్కువ, మోనోఫోకల్‌తో పోలిస్తే ఎక్కువ. కన్ను ఆరోగ్యంగా ఉండి, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ఆలోచించదగ్గది.

లెన్స్ కంటే ముందు కొలత

లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో హెరాల్డ్ రిడ్లీ 1949 నవంబరు 29న మొట్టమొదటి కృత్రిమ లెన్స్ ఆపరేషన్ చేశారు. యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి ఆ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకుంటే, ఆ ప్లాస్టిక్‌ని కన్ను తిప్పికొట్టకపోవడం ఆయన గమనించారు. అదే రకం ప్లాస్టిక్‌తో లెన్స్ చేయించారు. లెన్స్ కంట్లో నిలిచింది. పవరు లెక్క మాత్రం తప్పి, ఆ మొదటి పేషెంటుకి పెద్ద మైనస్ సైటు మిగిలింది. డెబ్బై అయిదేళ్లు దాటినా ఈ రెండో సమస్య పూర్తిగా పోలేదు. ఆపరేషన్ దివ్యంగా జరిగి చూపు కుదరలేదంటే, ముందు అనుమానించాల్సిన వాటిలో పవరు కొలత ఒకటి.

కంటి పొడవు సగటున 23.5 మిల్లీమీటర్లు. ఈ కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే సైటు రెండున్నర నుంచి మూడు దాకా తేడా వస్తుంది. పాత పద్ధతిలో అల్ట్రాసౌండ్ పెన్ను నల్లగుడ్డుకి ఆనించి కొలుస్తారు. కాస్త గట్టిగా నొక్కితే చాలు, కన్ను పొట్టిగా లెక్కకొస్తుంది. కాంతితో కొలిచే యంత్రం కంటిని తాకదు, దాని కొలత మెరుగు. శుక్లం బాగా ముదిరి తెల్లబడితే ఆ కాంతి లోపలికి వెళ్లదు, అప్పుడు మళ్లీ అల్ట్రాసౌండే దిక్కు. పొర ముదిరే దాకా ఆగాలన్న పాత మాటని నమ్మకూడదని చెప్పడానికి ఇదొక కారణం. గట్టిపడిన శుక్లాన్ని తీయడం కూడా కష్టమే.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు డాక్టరు చెప్పినన్ని రోజులు వాటిని ఆపేశాకే కొలతకి వెళ్లాలి. ఎప్పుడో పెళ్లికి ముందు సైటు పోవడానికి లేజర్ చేయించుకున్నవాళ్లు ఆ సంగతి తప్పనిసరిగా చెప్పాలి. లేజర్ చేసిన నల్లగుడ్డుకి మామూలు లెక్క సరిపోదు. పాత కాగితాలు ఇంట్లో ఉంటే వెతికి పట్టుకెళ్లండి.

నాకు ఒక్క అవకాశం ఇచ్చి, ఖరీదైన లెన్స్ కావాలా, మంచి కొలతా రెటీనా స్కానూ కావాలా అంటే, రెండోదే కోరుకుంటాను.

ఉచిత లెన్స్ నాసిరకమా

మా మేనమామ విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేశారు. రెండేళ్లు నిర్లక్ష్యం చేశాక శుక్లం తెల్లగా ముదిరింది. క్యాంపులో ఉచితంగా ఆపరేషన్ చేయించుకున్నారు. శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేసే ఫేకో యంత్రం లేకుండా, తెల్లగుడ్డులో 6, 7 మిల్లీమీటర్ల సొరంగంలాంటి కోత పెట్టి, మొత్తం శుక్లాన్ని ఒక్కసారిగా బయటికి తీసే పద్ధతి అది. కుట్టు అక్కర్లేదు, కోత దానంతట అదే మూసుకుంటుంది. ఫేకోలో కోత 2.2 నుంచి 2.8 మిల్లీమీటర్లే, మడత పెట్టిన లెన్స్ గొట్టంలోంచి లోపలికి వెళ్లి విచ్చుకుంటుంది. ఫేకోతో కన్ను త్వరగా తేరుకుంటుంది, సిలిండర్ తక్కువగా మిగులుతుంది. మంచి చేతిలో పడితే కొన్ని నెలల తర్వాత రెండింటి చూపూ దాదాపు సమానమే. రాయిలా ముదిరిన శుక్లానికి చాలామంది సర్జన్లు ఇప్పటికీ సొరంగం పద్ధతినే ఇష్టపడతారు.

మావయ్యకి వేసింది మడతపడని గట్టి లెన్స్, రిడ్లీ వాడిన ప్లాస్టిక్ జాతిదే. ఇంతకంటే ఎక్కువ కాలం మనుషుల కళ్లలో నిలిచి చూపించిన పదార్థం ఇంకోటి లేదు. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆస్పత్రికి అనుబంధంగా ఆరోల్యాబ్ మొదలై, లెన్సులు మన దేశంలోనే తక్కువ ఖర్చుతో తయారు కావడంతో పేదవాళ్ల దాకా ఇవి చేరాయి. క్యాంపు అనగానే మొహం తిప్పుకోవద్దు. ఆపరేషన్ గుడారం కింద కాకుండా ఆస్పత్రి థియేటర్లో చేస్తున్నారా, తర్వాతి పరీక్షలకి ఎవరు బాధ్యులు, ఈ రెండూ కనుక్కోండి.

మడత లెన్సుల్లో నీటిని పీల్చే రకం, పీల్చని రకం అని రెండున్నాయి. పీల్చని రకం మీద వెనక గోడ మసకబారడం తక్కువగా ఉంటుందని ఎక్కువమంది దానివైపు మొగ్గుతారు. పీల్చే రకంలో అరుదుగా కాల్షియం పేరుకుని లెన్సే తెల్లబడుతుంది, ముఖ్యంగా తర్వాత కంట్లో గ్యాస్ ఎక్కించే ఆపరేషన్ ఏదైనా జరిగితే. లెన్స్ అంచు పలకగా ఉండటం కూడా మంచిదే, ఆ అంచు కణాలని వెనక గోడ మీదకి పాకనివ్వదు. పసుపు రంగు లెన్స్, తెల్ల లెన్స్ అన్న తేడా దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. దాని కోసం అదనంగా కట్టమంటే నేనైతే కట్టను.

ఏ ప్రమాదం ఎప్పుడు

శుక్లం ఆపరేషన్ ప్రపంచంలోనే ఎక్కువగా, ఎక్కువ విజయవంతంగా జరిగే ఆపరేషన్లలో ఒకటి. అయినా ప్రమాదం సున్నా కాదు.

ఆపరేషన్ మధ్యలో భయపడాల్సింది వెనక గోడ చిరగడం. అనుభవం ఉన్న చేతుల్లో ఇది నూటికి ఒకటో రెండో. చిరిగితే మనం డబ్బు కట్టిన మల్టీఫోకల్, టోరిక్ లెన్సులు ఎక్కువసార్లు పెట్టలేరు. సంచికి ముందు మూడు ముక్కల (చేతులు విడిగా అమర్చిన) లెన్స్ కూర్చోబెట్టడమో, కంటిపాప పొరకి తగిలించడమో, తెల్లగుడ్డుకి బిగించడమో చేస్తారు. చెన్నైలో అమర్ అగర్వాల్ ప్రవేశపెట్టిన జిగురు పద్ధతి ఈ చివరి కోవలోదే. ఆపరేషన్‌కి ముందే అడగాల్సిన ప్రశ్న ఇది: "అనుకున్న లెన్స్ పెట్టలేకపోతే వేరే లెన్స్ థియేటర్లో సిద్ధంగా ఉంటుందాండీ? కట్టిన డబ్బులో తేడా తిరిగిస్తారా?"

మావయ్య దగ్గర ఒక సంగతి తెలిసింది. ఆయన మూత్రం ఇబ్బందికి టామ్సులోసిన్ బిళ్ల వేసుకుంటున్నారు. కంటికీ దానికీ ఏం సంబంధమని ఎవరికీ చెప్పలేదు. ఆ మందు వాడేవాళ్లకి ఆపరేషన్‌లో కంటిపాప సరిగా విచ్చుకోదు, దాని చుట్టూ ఉన్న పొర తడిగుడ్డలా ఊగుతుంది. 2005లోనే ఇద్దరు అమెరికా డాక్టర్లు దీన్ని గుర్తించి చెప్పారు. బిళ్ల ఆపేసినా ఆ ప్రభావం పోకపోవచ్చు. ముందే చెబితే సర్జన్ తగిన సరంజామాతో దిగుతారు. మావయ్యకి మంచే జరిగింది, కానీ అరగంటలో అయ్యే పని చాలాసేపు పట్టింది. ప్రోస్టేట్ బిళ్లలు వాడే మగవాళ్లందరూ కంటి డాక్టరుకి ఆ చీటీ చూపించండి.

తర్వాతి రోజుల్లో అన్నిటికంటే భయంకరమైనది కంటి లోపల ఇన్ఫెక్షన్. శుభ్రత పాటించే ఆస్పత్రుల్లో ఇది వెయ్యికి ఒకటి, అంతకంటే తక్కువ. వస్తే మాత్రం గంటల్లో చూపు పోవచ్చు. ఆపరేషన్‌కి ముందు కంట్లో అయోడిన్ చుక్కలు వేయడం, చివర్లో కంటి లోపలే యాంటీబయాటిక్ ఇవ్వడం దీనికి మంచి అడ్డుకట్టలు. లోపల ఇచ్చే మందు ఈ ముప్పుని అయిదో వంతుకి తగ్గించిందని 2007లో వెలువడిన ఐరోపా అధ్యయనం చూపింది. మొదటి వారం పది రోజుల్లో నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తే తెల్లారే దాకా ఆగొద్దు. ఆదివారమైనా, అర్ధరాత్రి అయినా బయల్దేరండి. అందుకే ఎంపికలో నేను ఇంకొకటి చూస్తాను: అర్ధరాత్రి ఫోన్ ఎత్తే ఆస్పత్రేనా?

నాలుగు నుంచి ఆరు వారాలకి కొందరికి చూపు కేంద్రంలో నీరు చేరుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువ. చుక్కలతో చాలావరకు తగ్గుతుంది. నెలలకో ఏళ్లకో సంచి వెనక గోడ మసకబారితే "మళ్లీ పొర వచ్చింది" అంటారు. అయిదు నిమిషాల యాగ్ లేజర్‌తో పోతుంది. మైనస్ సైటు బాగా ఎక్కువ ఉన్నవాళ్లకి రెటీనా ఊడే ముప్పు ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. కంట్లో మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కల వాన, పక్క నుంచి తెర దిగుతున్నట్టు ఉండటం దాని గుర్తులు.

యాగ్ లేజర్ దగ్గర ఒక హెచ్చరిక, నాన్న విషయంలో తృటిలో తప్పింది. మల్టీఫోకల్ వేయించుకుని చూపు నచ్చలేదని వెళ్తే, కొన్నిసార్లు "కాస్త పొర ఉంది, లేజర్ చేద్దాం" అంటారు. లేజర్ వెనక గోడకి రంధ్రం పెడుతుంది. ఆ తర్వాత లెన్స్ మార్చాలంటే పని ఎన్నో రెట్లు కష్టం. లెన్స్ మార్చే ఆలోచన ఏ మూల ఉన్నా, అది తేలే దాకా లేజర్‌కి ఒప్పుకోవద్దు. మార్చడం మొదటి కొన్ని నెలల్లో సులువు, సంచి లెన్స్‌ని గట్టిగా పట్టేశాక కష్టం. నాన్నకి వాపు ఉంది కాబట్టి మార్చినా పెద్దగా లాభం ఉండదని చెప్పారు. వాపుకి ఇంజెక్షన్లు వేశారు, కొంత తగ్గింది. లెన్స్ అలాగే ఉంది.

మన దగ్గర ఎక్కడ

గుంటూరు, విజయవాడల్లో ఉన్నవాళ్లు ఒక రకంగా అదృష్టవంతులు. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ ఉంది. దాన్ని 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్నవారే. గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆస్పత్రి ఉంది. రెండు చోట్లా డబ్బు కట్టలేనివాళ్లకి ఉచిత వైద్యం ఉంది. గుంటూరు పెద్దాస్పత్రిలో, విజయవాడ ప్రభుత్వాస్పత్రిలో కంటి విభాగాలున్నాయి. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ప్రైవేటు ఆస్పత్రులు వీధికొకటి. పేరు కంటే ముందు రెటీనా డాక్టరు అదే గొడుగు కింద ఉన్నారా అని చూడండి, ముఖ్యంగా షుగర్ ఉంటే. ఏదైనా తేడా వస్తే పరిగెత్తాల్సింది ఆయన దగ్గరకే.

డబ్బు విషయానికొస్తే, లెన్స్ డబ్బా మీద గరిష్ఠ ధర ముద్రించి ఉంటుంది, అడిగితే చూపించాలి. ప్యాకేజీ ధరలో లెన్స్ ఎంత, ఆపరేషన్ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ఆరోగ్య బీమా ఉంటే, చాలా పాలసీల్లో శుక్లానికి మొదట కొంతకాలం నిరీక్షణ, ఖర్చుకి పరిమితి ఉంటాయి, మల్టీఫోకల్ తేడా మన జేబులోంచే పోతుంది. ముందే కనుక్కోండి. డబ్బాలో లెన్స్ పేరు, పవరు, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి మీ డిశ్చార్జి కాగితం మీద అతికించమనండి. పదేళ్ల తర్వాత ఏ డాక్టరుకైనా అదే ఆధారం.

రెండు కళ్లకీ ఒకేసారి చేయించే తొందర వద్దు. మొదటి కన్ను చెప్పే పాఠం రెండో కంటికి పనికొస్తుంది, మా ఇంట్లో జరిగింది అదే. ఎండాకాలం చేయించకూడదన్న పట్టింపు అక్కర్లేదు. దుమ్ము దగ్గర మాత్రం పట్టింపు ఉండాలి. మిర్చి ఘాటు, సిమెంటు, వెల్డింగు పొగ, తలస్నానం నీళ్లు కంట్లో పడకుండా డాక్టరు చెప్పినన్ని వారాలు ఆగాలి. చుక్కలు వేసే ముందు చేతులు కడుక్కోవాలి, సీసా మూతి రెప్పకి తాకకూడదు. అమ్మకి నేను వేసేదాన్ని, మంచం మీద పడుకోబెట్టి, కింది రెప్ప కొద్దిగా లాగి, ఒక్క చుక్క. రెండో మందుకి అయిదు నిమిషాల ఎడం.

నాన్న ఎడమ కన్ను

ఈసారి కౌన్సిలర్ టేబుల్ దగ్గరకి వెళ్లే ముందు ఒక కాగితం రాసుకుని డాక్టరుగారి ముందు పెట్టాను. షుగర్ పద్దెనిమిదేళ్లు. మూడు నెలల సగటు షుగర్ ఇంత. వాడే మందులు ఇవి. తెల్లవారుజామున కాయ చూస్తారు, చీకటి పడ్డాక స్కూటర్ మీద ఇంటికొస్తారు. కుడి కంట్లో మల్టీఫోకల్ ఉంది, చక్రాలు కనిపిస్తున్నాయి. ఆవిడ మొత్తం చదివారు. రెటీనా స్కాన్ తీయించి, రెండు నెలలు షుగర్ అదుపులో పెట్టించి, మళ్లీ స్కాన్ తీశారు. "ఈ కంటికి దూరపు చూపుకి మోనోఫోకల్ పెడదాం నాన్నగారూ, చదవడానికి కుడి కన్ను ఎలాగూ సాయం చేస్తుంది" అన్నారు. ఒక కంట్లో ఒక రకం, రెండో కంట్లో ఇంకో రకం ఉండొచ్చా అని అడిగాను. ఉండొచ్చు, ఇలాంటి పరిస్థితిలో అదే మేలు అన్నారు. ధర మొదటి దానిలో నాలుగో వంతు కూడా కాలేదు.

నెల రోజులు నాన్నని యార్డు వైపు వెళ్లనివ్వలేదు. అయిదో వారం నేనే స్కూటర్ మీద దింపాను. షెడ్డు కింద ఇంకా లైట్లు వెలుగుతున్నాయి. నల్ల కళ్లద్దాలు జేబులో పెట్టుకుని, తెరిచి ఉన్న టిక్కీలోంచి గుప్పెడు కాయ తీశారు. ముందు ఎడమ కన్ను మూసి చూశారు. తర్వాత కుడి కన్ను మూసి, ఇంకాస్త సేపు చూశారు.

"ఇందులో తాలు మూడు కాయలున్నాయమ్మా" అని, ఆ మూడూ ఏరి నా చేతిలో పెట్టారు.